90 రోజుల స్ట్రీక్: ఒక్కసారి జారితే మళ్లీ సున్నా నుంచేనా?

గోడమీదపిల్లి
పోర్న్ మానాలనుకునేవాళ్లకి ఎక్కడ చూసినా ఒకటే సలహా: 90 రోజులు అస్సలు చూడకు, మధ్యలో ఒక్కసారి చూసినా కౌంటర్ సున్నాకి కొట్టు. దీనివల్ల లాభమా, నష్టమా? విషయం తెలిసినవాళ్లు రాయండి. సొంత కథలకి వేరే థ్రెడ్ ఉంది.

వైర్‌మ్యాన్
లాభమే. లెక్క లేకపోతే అదుపు ఉండదు. కాకపోతే కౌంటర్ కంటే ముందు దారి మూయాలి, చాలామంది అక్కడే తప్పు చేస్తారు. రౌటర్‌లో డీఎన్ఎస్ (సైట్ పేరుని నెట్ అడ్రస్‌గా మార్చే సర్వీసు) దగ్గర అడల్ట్ సైట్లు ఆపే క్లౌడ్‌ఫ్లేర్ నంబర్లు 1.1.1.3, రెండోది 1.0.0.3 అని పెట్టి పని అయిపోయిందనుకుంటారు. ఎందుకు కాలేదో చెప్తా. ఫోన్ మొబైల్ డేటాకి మారగానే రౌటర్ ఫిల్టర్ లెక్కలో ఉండదు. ఐపీవీ6 (కొత్త రకం నెట్ అడ్రస్) డబ్బా ఖాళీగా వదిలేస్తే అటు నుంచి తెరుచుకుంటుంది. బ్రౌజర్లో 'సెక్యూర్ డీఎన్ఎస్' వేరే కంపెనీకి పెట్టి ఉంటే మీ రౌటర్ మాట అది వినదు. వీపీఎన్ సంగతి చెప్పక్కర్లేదు, అది ఫిల్టర్‌ని పక్కనుంచి దాటేస్తుంది. ఆండ్రాయిడ్ 9 నుంచి ఫోన్లోనే ప్రైవేట్ డీఎన్ఎస్ ఉంది, అందులో family.cloudflare-dns.com అని కొడితే మొబైల్ డేటాకీ పనిచేస్తుంది. ఐఫోన్ అయితే స్క్రీన్ టైమ్‌లో 'లిమిట్ అడల్ట్ వెబ్‌సైట్స్' పెట్టండి, సఫారీలో ప్రైవేట్ ట్యాబ్ కూడా పోతుంది. ఇంత చేశాక కూడా టెలిగ్రామ్, రెడిట్ లాంటివి మిగులుతాయి. డీఎన్ఎస్‌కి డొమైన్ పేరు తప్ప లోపలి పేజీ కనపడదు కాబట్టి అవి మొత్తంగా తీసేయాల్సిందే. ఆ తర్వాత 90 మొదలుపెట్టండి.

తూకంరాయి
వైర్‌మ్యాన్ గారి ఫిల్టర్ పాఠానికి వంక పెట్టను. కౌంటర్ దగ్గరే పేచీ.

90 అన్న అంకె ఏ క్లినికల్ ట్రయల్ నుంచీ రాలేదు. అది పోనివ్వండి, ఏదో ఒక అంకె కావాలి కదా అనుకుందాం. సున్నాకి కొట్టడమే అసలు సమస్య. నలభయ్యో రోజు రాత్రి ఒకతను 5 నిమిషాలు చూసి ఆపేశాడు. ఇంకొకతను అదే రాత్రి 4 గంటలు చూశాడు. మీ కౌంటర్లో ఇద్దరిదీ సున్నాయే. అలాంటప్పుడు మొదటివాడు 5 నిమిషాలకే ఎందుకు ఆపాలి? 'ఎలాగూ పోయింది, ఈ రాత్రికి కానిచ్చేద్దాం' అనుకుంటాడు. తాగుడు మానేవాళ్లలో అలన్ మార్లాట్ అనే మనస్తత్వవేత్త దశాబ్దాల కిందటే గుర్తించింది ఇదే: జారడం కంటే, జారాక తన గురించి తనకి వచ్చే ఆలోచనే మనిషిని పూర్తిగా పడేస్తుంది.

లెక్క కావాలంటే మూడు రాయండి. వారంలో మొత్తం ఎన్ని నిమిషాలు చూశారు, ఎన్ని రాత్రులు అనుకున్న టైముకి పడుకున్నారు, కోరిక ఎన్నిసార్లు వచ్చి చూడకుండానే దిగిపోయింది. ఆ మూడోది అన్నిటికన్నా ముఖ్యం. చాలామందిలో కోరిక పెరిగి పెరిగి అరగంట లోపే దానంతటదే తగ్గుతుంది. ఆ అరగంట ఫోన్ వేరే గదిలో ఉండాలి, మనిషి కూర్చున్న చోటు మారాలి, అంతే.

పక్షిగూడు
అంటే రోజుకి 5 నిమిషాలు చూడొచ్చని డాక్టర్ చీటీ రాశారన్నమాట 😀

వైర్‌మ్యాన్
పక్షిగూడు నవ్వుతూనే అసలు పాయింటు పట్టాడు. తూకంరాయి గారూ, 2014లో బెర్లిన్లో 64 మంది మగవాళ్ల మెదడు స్కాన్ చేశారు, ఎక్కువ గంటలు చూసేవాళ్లలో కుడి కాడేట్ (అలవాట్లతో పనున్న మెదడు భాగం) చిన్నగా ఉంది. అదే ఏడాది కేంబ్రిడ్జ్ వాళ్లు చేసిన స్కాన్లో, డ్రగ్స్ వాడేవాళ్లలో వెలిగే భాగాలే పోర్న్ మీద అదుపు తప్పినవాళ్లలోనూ వెలిగాయి. సిగరెట్ మానేవాడికి వారానికి రెండు కాల్చు అని చెప్తామా?

తూకంరాయి
బెర్లిన్ స్కాన్ ఒక్కసారి తీసింది. చూడటం వల్ల కాడేట్ తగ్గిందా, అలాంటి మెదడు ఉన్నవాళ్లే ఎక్కువ చూస్తారా అన్నది ఆ ఒక్క స్కాన్ చెప్పలేదు. పైగా అందులో ఉన్నది పేషెంట్లు కాదు, మామూలు వాలంటీర్లు.

కేంబ్రిడ్జ్ది మాత్రం పనికొచ్చే స్టడీ, మీరు చెప్పని ముక్క కోసం. అదుపు తప్పిన 19 మంది, మామూలుగా ఉన్న 19 మంది. వీడియో చూపించినప్పుడు మొదటివాళ్లకి 'కావాలి' అన్న తపన ఎక్కువ, 'బాగుంది' అన్న మార్కులు మాత్రం ఇద్దరివీ దాదాపు ఒకటే. రాత్రి పదకొండుకి మొదలుపెట్టిన మనిషిని చూడండి. ఇరవై ట్యాబులు తెరుస్తాడు, ఒక్కోటి పది సెకన్లు ముందుకి లాగి చూస్తాడు, 'దీనికంటే మంచిది ఉంటుంది' అని పక్క ట్యాబ్‌కి పోతాడు. చూసిన టైము కంటే వెతికిన టైమే ఎక్కువ. రెండింటికి ముగుస్తుంది, తృప్తి కనపడదు. పొద్దున పనిలో తల వాలిపోతుంది. నష్టంలో పెద్ద వాటా ఇలా నిద్ర చెడడం వల్లే.

సిగరెట్‌తో పోల్చారు కదా, మానగానే అలాంటి విత్‌డ్రాయల్ (మానినప్పుడు వచ్చే ఇబ్బంది) వస్తుందా అని మామూలుగా చూసే విద్యార్థుల్ని 7 రోజులు ఆపించి, ఆపనివాళ్లతో పోల్చిన ట్రయల్ ఒకటి 2023లో వచ్చింది. చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. తీవ్రంగా అలవాటు పడినవాళ్లకి ఇదే వర్తిస్తుందని నేను అనను.

కొత్తపేజీ
పెళ్లాంతో ఉన్నప్పుడు స్పందన రావట్లేదు అనేవాళ్ల సంగతి? అది దీనివల్లే కదా?

తూకంరాయి
కావచ్చు, కాకపోవచ్చు. ముందు ఒకటి గమనించండి. తెల్లవారుజామున మామూలుగానే అంగస్తంభన వస్తోందా? వస్తుంటే శరీరంలో రక్తప్రసరణ సరిగానే ఉండే అవకాశం ఎక్కువ. రాకపోతే షుగర్, బీపీ చూపించుకోవాలి, వాడుతున్న మందులు డాక్టర్‌కి చెప్పాలి. ఎన్ని గంటలు చూశారన్న లెక్క ఒక్కదానితో ఈ సమస్యకి గట్టి సంబంధం తేలలేదు. బిగించి పట్టే చేతి అలవాటు, నిమిషానికో కొత్త దృశ్యం మారే అలవాటు ఉన్నవాళ్లకి మాత్రం, ఒకే మనిషితో నెమ్మదిగా ఉన్నప్పుడు ఇబ్బంది రావడం వింత కాదు. ఆ అలవాట్లు మార్చుకోవాలి, రోజులు లెక్కపెట్టి లాభం లేదు.

వైర్‌మ్యాన్
ప్రతిదానికీ 'కావచ్చు, కాకపోవచ్చు'. మీలాంటివాళ్లతోనే విసుగు. దగ్గరివాళ్లలో ఒకడు ఉద్యోగం పోయే పరిస్థితిలో కౌన్సిలర్ దగ్గరికి వెళ్తే, పది నిమిషాలు విని 'ఇది నార్మలే, గిల్ట్ పెట్టుకోకు' అని పంపేశారు. ఫీజు మాత్రం పూర్తిగా తీసుకున్నారు. కౌంటర్ కనీసం అబద్ధం చెప్పదు.

తూకంరాయి
ఆ కౌన్సిలర్ చేసింది తప్పే. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పుస్తకం ఐసీడీ-11లో 'కంపల్సివ్ సెక్సువల్ బిహేవియర్ డిజార్డర్' (అదుపు తప్పిన లైంగిక ప్రవర్తన) ఉంది, 2019లో ఆమోదించారు, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. కోడ్ 6సీ72. ఆరు నెలలో ఇంకా ఎక్కువో అదుపు తప్పి, ఆరోగ్యం, పని, బాధ్యతలు వెనక్కిపోవడం, తగ్గించాలని పదేపదే ప్రయత్నించినా కుదరకపోవడం, నష్టం కనపడుతున్నా, ఆనందం రాకపోయినా కొనసాగడం లాంటివి ఉంటే ఈ జబ్బని రాస్తారు. ఉద్యోగం పోయేదాకా వచ్చినవాణ్ణి నార్మల్ అనడం చేతకానితనం.

అదే పుస్తకం ఇంకో మాట కూడా అంటుంది: బాధంతా 'ఇది పాపం' అన్న భావం వల్లే అయితే, అది ఒక్కటీ రోగనిర్ధారణకి చాలదు. నెలకి రెండుసార్లు చూసి తనని తాను తిట్టుకునేవాడికీ, రోజూ నాలుగు గంటలు పోగొట్టుకునేవాడికీ మీరు ఒకే 90 రాసిస్తున్నారు. తేడా తెలియాలంటే పీపీసీఎస్ అని, పోర్న్ వాడకం ఎంత సమస్యగా మారిందో చూసే 18 ప్రశ్నల కొలత ఉంది, ఒక్కోదానికి 1 నుంచి 7 మార్కులు, మొత్తం 76 లేదా అంతకు మించితే నిపుణులకి చూపించుకోవాలి. ఇంకోటి, మానసిక జబ్బులకి ఇచ్చే అరిపిప్రజోల్ గానీ పార్కిన్సన్స్‌కి ఇచ్చే ప్రమిపెక్సోల్ లాంటివి గానీ మొదలుపెట్టాక ఇది వస్తే ముందు మందు రాసిన డాక్టర్‌కి చెప్పాలి. అరిపిప్రజోల్ మీద అమెరికా ఎఫ్‌డీఏ 2016లోనే హెచ్చరిక ఇచ్చింది. మీ అంతట మీరు మాత్రం ఆపకండి.

మధ్యమావతి
ఇద్దరూ ఇంతసేపు కౌంటర్ పట్టుకుని వేలాడారు. ఫిల్టర్ పెడతారు సరే, స్క్రీన్ టైమ్ పాస్‌కోడ్ ఎవరి దగ్గర ఉంటుంది?

వైర్‌మ్యాన్
భార్య దగ్గర. ఇందులో అడగడానికేముంది?

మధ్యమావతి
అదే అడగాలి. పాస్‌కోడ్ చేతిలో పెట్టగానే ఆవిడ కాపలాదారు అయిపోతుంది. అప్‌డేట్‌కి కావాలి, బ్యాంక్ యాప్‌కి కావాలి అని రాత్రి అడుగుతారు. ఇస్తే తప్పు ఆవిడది, ఇవ్వకపోతే అనుమానం మనిషి అన్న పేరు. అతను జారిన రోజు ముఖం చూసి పసిగట్టాల్సిన డ్యూటీ కూడా ఆవిడదే. దీన్ని ఎవరూ ఆవిడని అడిగి పెట్టలేదు.

తూకంరాయి
ఈ విషయంలో మధ్యమావతి గారితో ఏకీభవిస్తా. అసలు ప్రతి జారుడూ భార్యకి చెప్పాలనేం లేదు. అది అతని చికిత్స, అతనికీ థెరపిస్టుకీ మధ్య విషయం.

మధ్యమావతి
నాతో ఏకీభవించకండి. నేను అన్నది అది కాదు. ఒకరేమో ఆవిణ్ణి జైలర్ని చేస్తారు, మీరేమో ఆవిణ్ణి గదిలోంచే పంపేస్తారు. చూసినందుకు పడే బాధ కంటే, ఏళ్లపాటు 'ఆఫీస్ పని' అని చెప్పి నమ్మించినందుకు పడే బాధ ఎక్కువ. మీ స్కాన్లలో, కౌంటర్లలో ఆవిడ ఎక్కడా లేదు. ఇది అతని సొంత అలవాటా, ఇద్దరి కాపురం సంగతా? ముందు అది తేల్చండి.

వైర్‌మ్యాన్
కాపురం సంగతే. అందుకే రోజూ రాత్రి ఆవిడకి రిపోర్ట్ ఇవ్వాలంటాను.

మధ్యమావతి
రోజూ వినడానికి ఆవిడేమైనా హెడ్ ఆఫీసా?

తూకంరాయి
సరే, నేను రాసింది సగమే. పూర్తిగా చెప్తా. చెప్పడం ఒక్కసారే, మొత్తంగా జరగాలి: ఎప్పటినుంచి, సుమారు వారానికి ఎన్ని గంటలు, డబ్బు ఖర్చయిందా, ఎవరితోనైనా లైవ్‌లో గానీ మెసేజ్‌లో గానీ మాట్లాడారా. ఏ వీడియో, ఎలాంటి దృశ్యం అన్న వివరాలు వద్దు, అవి ఆవిడ తలలోంచి పోవు. ఇవాళ కొంత, వచ్చే నెల దొరికిపోయాక ఇంకొంత చెప్పడం అన్నిటికన్నా చెడ్డది, ప్రతిసారీ నమ్మకం మొదటి రోజు లాగే కూలుతుంది. ఆ తర్వాత ఎంత తరచుగా తెలియాలో ఆవిడే చెప్పాలి. వారానికోసారి అంటే వారానికోసారి, వద్దంటే వద్దు. డబ్బు, మనుషులు ఇందులోకి వచ్చిన రోజు మాత్రం ఆవిడ అడిగేదాకా ఆగకూడదు.

థెరపీ అంటే కబుర్లు కాదు, వైర్‌మ్యాన్ గారూ. 2016లో 28 మంది మగవాళ్ల మీద ఏసీటీ (యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ) పద్ధతిలో 12 సెషన్ల ట్రయల్ చేస్తే చూసే సమయం సగటున 92 శాతం తగ్గింది. చిన్న ట్రయల్, దాదాపు అందరూ ఒకే చర్చివాళ్లు, ఆ మేరకే నమ్మండి. కోరికని అణచడం మానేసి, అది ఉండగానే అనుకున్న పని చేయడం నేర్పారు. సున్నాకి కొట్టే కౌంటర్ నేర్పేది దీనికి సరిగ్గా తలకిందులు.

వైర్‌మ్యాన్
కౌంటర్ గురించి మీ మాట ఒప్పుకోను. పాస్‌కోడ్ గురించి మాత్రం ఇలా చేయొచ్చు: ఇంట్లో లేని స్నేహితుడో అన్నయ్యో వచ్చి తన చేత్తో పెట్టాలి, రికవరీకి తన యాపిల్ అకౌంటే ఇవ్వాలి. రికవరీ మీ యాపిల్ అకౌంట్‌కే ఉంటే రెండు నిమిషాల్లో పాస్‌కోడ్ మార్చేయొచ్చు, చాలామంది అక్కడే జారిపోతారు.

కొత్తపేజీ
ఆండ్రాయిడ్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ పెట్టా, సైట్లు ఆగాయి. సెర్చ్‌లో బొమ్మలు మాత్రం వస్తున్నాయి?

వైర్‌మ్యాన్
ఆ బొమ్మలు సెర్చ్ ఇంజిన్ సొంత సర్వర్ నుంచి వస్తాయి, మీ డీఎన్ఎస్ వాటిని ఆపట్లేదు. సెర్చ్ సెట్టింగ్స్‌లో సేఫ్‌సెర్చ్ (అశ్లీల ఫలితాలు దాచేది) విడిగా ఆన్ చేయండి. లాగవుట్ అయితే ఆ సెట్టింగ్ పోవచ్చు, ఇంకో బ్రౌజర్ ఉంటే అందులోనూ చూడండి.