టెలోమియర్ రిపోర్టులో ఏ అంకె చూడాలి? అన్నయ్య దాతగా పనికొస్తాడా?

ప్రశ్న:
పదకొండేళ్ల బాబుకి ప్లేట్‌లెట్లు నెమ్మదిగా తగ్గుతున్నాయి, ఎముక మజ్జలో కణాలు పలచబడ్డాయి. ఫ్లో-ఫిష్ (టెలోమియర్లు, అంటే క్రోమోజోముల చివరల ఉండే రక్షణ తొడుగులు, ఎంత పొడవున్నాయో కొలిచే రక్తపరీక్ష) రిపోర్టులో గ్రాన్యులోసైట్ల టెలోమియర్లు 1వ పర్సెంటైల్ (అదే వయసువారు వందమందిలో స్థానం) కన్నా కింద, లింఫోసైట్లవి 10 దగ్గర ఉన్నాయి; ఈ రెండూ తెల్ల రక్తకణాల రకాలే. ఇది డిస్కెరటోసిస్ కంజెనిటానేనా (టెలోమియర్లు మరీ పొట్టిగా ఉండే వంశపారంపర్య జబ్బు)? అన్నయ్యతో హెచ్‌ఎల్‌ఏ (మార్పిడికి సరిపోల్చే కణజాల గుర్తులు) పూర్తిగా కలిసింది, అతనికి ఏ ఇబ్బందీ లేదు. ఎముక మజ్జ మార్పిడికి దాతగా తీసుకోవచ్చా?

జవాబు 1:
గ్రాన్యులోసైట్ల అంకె ఒక్కటే చూసి భయపడకండి. మజ్జ ఏ కారణంతో దెబ్బతిన్నా, మిగిలిన కొద్దిపాటి మూలకణాలే లోటు పూడ్చాలి కాబట్టి మరిన్నిసార్లు విభజన చెందుతాయి. ప్రతి విభజనకీ టెలోమియర్ కొంచెం అరుగుతుంది. అందుకే వంశపారంపర్యం కాని ఎప్లాస్టిక్ అనీమియాలోనూ (మజ్జ రక్తకణాలు సరిగా తయారుచేయలేని జబ్బు) అవి పొట్టిగా కనిపిస్తాయి. పిల్లల్లో డిస్కెరటోసిస్ కంజెనిటా ఉంటే సాధారణంగా లింఫోసైట్లు కూడా అదే వయసువారి 1వ పర్సెంటైల్ కిందకి పడతాయి. 10 అంటే అనుమానం బాగా తగ్గినట్టే.

అయినా గోళ్లు గీతలుపడి చీలుతున్నాయా, మెడ మీద వలలాంటి నలుపు ఉందా, నాలుక మీద తెల్లమచ్చ ఉందా చూడండి. ఈ మూడూ ఏళ్ల తర్వాత బయటపడవచ్చు, కాబట్టి ఇప్పుడు లేవని ధీమా పడొద్దు. మజ్జని దెబ్బతీసే మరో వంశపారంపర్య జబ్బు ఫాంకోనీ అనీమియా కోసం క్రోమోజోమ్ బ్రేకేజ్ పరీక్ష (క్రోమోజోములు విరుగుతున్నాయా చూసేది) తప్పనిసరి. టెలోమియర్ పరీక్ష మళ్లీ చేయిస్తే ఫ్లో-ఫిష్షే చేయించండి, రక్తం ఫ్రీజ్ కాకుండా త్వరగా ల్యాబుకి చేరాలి. క్యూపీసీఆర్ (టెలోమియర్ పొడవు కొలిచే మరో పద్ధతి) అంకెని దీనితో పోల్చకూడదు.

జవాబు 2:
అన్నయ్య సంగతి తొందరపడొద్దు. టెలోమియర్లను నిలబెట్టే టెర్ట్, టెర్క్ జన్యువుల్లో లోపం ఉన్నవాళ్లు రక్త పరీక్షలన్నీ బాగుండి, పెద్దయ్యాక ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్‌తో (ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు) బయటపడటం ఉంది. అలాంటి దాత కణాలిస్తే గ్రాఫ్ట్ (మార్చిన మజ్జ) సరిగా నిలవదు. బాబులో లోపం దొరికితే అదే లోపం అన్నయ్యలో వెతకాలి, దొరకకపోతే కనీసం అతనికి ఫ్లో-ఫిష్ చేయించాలి.

ప్రశ్న అడిగినవారు:
జబ్బు ఖాయమైతే చికిత్స మారుతుందా?

జవాబు 2 రాసినవారు:
చాలా మారుతుంది. రోగనిరోధక శక్తిని అణిచే ఏటీజీ, సైక్లోస్పోరిన్ మందులతో ఇక్కడ సాధారణంగా ఫలితం ఉండదు. మార్పిడికి ముందు ఇచ్చే బుసల్ఫాన్ (కీమో మందు), శరీరమంతటికీ రేడియేషన్ మానుకుంటారు, ఎందుకంటే ఊపిరితిత్తులు, కాలేయం తట్టుకోలేవు.

జవాబు 1 రాసినవారు:
డానజోల్ (ఆండ్రోజెన్, అంటే పురుష హార్మోన్ రకం మందు) కూడా ఉంది. 2016లో వచ్చిన ట్రయల్లో రోజుకి 800 మి.గ్రా. ఇస్తే రక్త కణాలు పెరిగాయి, టెలోమియర్లూ పొడవయ్యాయి. పిల్లలకి ఆ మోతాదు అలాగే ఇవ్వకూడదు: ఆండ్రోజెన్‌తో ఎముకల పెరుగుదల ముందే ఆగిపోవచ్చు. కాలేయ పరీక్షలు, లిపిడ్లు క్రమంగా చూస్తుండాలి. ఆండ్రోజెన్‌ని జీ-సీఎస్‌ఎఫ్‌తో (తెల్లకణాలు పెంచే మందు) కలిపి ఇస్తే ఈ జబ్బులో ప్లీహం పగిలిన కేసులున్నాయి, ఆ రెండూ ఒకేసారి వద్దు.