కిలో చేపకు మూడు కిలోల తవుడు పోస్తున్నాం, మిగతాదంతా ఎటు పోతోంది?

కైకలూరు రైతు:

అందరికీ నమస్కారం. మాది కొల్లేరు పక్క ఊరు. శీలావతి, బొచ్చె వేసి చెరువు చేస్తున్నాం. మేత దాదాపు అంతా నూనె తీసిన తవుడే, అందులో కొంచెం వేరుశనగ చెక్క కలుపుతాం. బస్తాలకు చిల్లులు పెట్టి, కర్రలకు కట్టి నీళ్లలో దించితే చేప వచ్చి పొడుచుకు తింటుంది. పట్టుబడి అయ్యాక లెక్క చూసుకుంటే కిలో చేపకు మూడు కిలోల దాకా మేత పడుతోంది. మా చుట్టుపక్కల తవుడు మీద చేసేవాళ్లందరిదీ కొంచెం అటూ ఇటూగా ఇదే లెక్క.

మా అమ్మాయి ఇంటర్ బైపీసీ. మొన్న రాత్రి ఎకాలజీ పాఠం పైకి చదువుతుంటే విన్నాను. గడ్డిని మిడత తింటుంది, మిడతను కప్ప తింటుంది, ఒక్కో మెట్టు దగ్గర పది శాతం శక్తే పైకి వెళ్తుంది, తొంభై శాతం పోతుంది అని ఉంది. "ఎక్కడికి పోతుందమ్మా?" అంటే "వేడిగా పోతుంది నాన్నా" అంది. చేపను పట్టుకుంటే చల్లగా ఉంటుంది కదా, వేడి ఎక్కడిది అన్నాను. దానికి తన దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు.

నా అనుమానాలు రెండు. మూడు కిలోలకు కిలో వస్తోందంటే 33 శాతం, మరి పుస్తకం పది అంటుందేం? రెండోది, మిగిలిన మేత అడుగున బురదలో ఉండిపోతోందా, నిజంగానే ఎటో పోతోందా? బురదలోనే ఉంటే మళ్లీ వాడుకునే దారి ఉందేమోనని. పెట్టుబడిలో సగానికి పైగా మేతకే పోతోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జువాలజీ మేష్టారు:

రైతు గారూ, నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాను. చెరువు గట్టు మీద పెరిగిన పిల్లలకు కూడా మనం గడ్డి, మిడత, కప్ప అనే చెబుతాం. మీ మేత లెక్క అంతకంటే మంచి పాఠం. అందుకే కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

ముందు ఆ 33 శాతం. మీరు తూచింది బరువు, పుస్తకంలో ఉన్నది శక్తి. తవుడు పొడి సరుకు. చేప ఒంట్లో నాలుగింట మూడు వంతులు నీళ్లే. కిలో తవుడును పూర్తిగా కాలిస్తే సుమారు 3,800 కిలోకేలరీలు వస్తాయి, మూడు కిలోలకు 11,400. కిలో పచ్చి చేపలో ఉండేది 1,100, 1,200 మధ్య. అంటే మీ చెరువులోనూ పదో వంతే. పైగా మీ చేప తిన్నది తవుడు ఒక్కటే కాదు. నీళ్లలో పుట్టిన ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు) కూడా తింది. దాన్నీ కలిపి చూస్తే పది కూడా రాదు.

తొంభై ఎటు పోయిందంటే, తవుడులో పీచు ఎక్కువ. చేప పొట్టలో అరగని భాగం మలంగా అడుక్కి చేరుతుంది. మీరు అనుమానపడిన బురద ఇదే. అరిగి ఒంట్లోకి చేరినదాంట్లోనూ ఎక్కువ భాగం బతకడానికే సరిపోతుంది. చేప క్షణం ఆగకుండా మొప్పలు ఆడించాలి, ఈదాలి. మంచినీళ్లలో ఉంటుంది కాబట్టి ఒంట్లో ఉప్పు కారిపోకుండా చూసుకోవాలి, అరిగిపోయిన కండను మళ్లీ కట్టుకోవాలి. వీటన్నిటి కోసం తిన్నదాన్ని ఆక్సిజన్‌తో నెమ్మదిగా కాలుస్తుంది. ఆ కాలడంలో పుట్టేదే మీ అమ్మాయి చెప్పిన వేడి. చేప చల్లగా ఎందుకుంటుందంటే, మొప్పల్లో రక్తానికీ నీటికీ మధ్య ఉండేది పల్చటి పొర. రక్తం అక్కడికి వచ్చినప్పుడల్లా ఒంట్లో పుట్టిన వేడి నీళ్లలోకి వెళ్లిపోతుంది. అంత చెరువులో అది చేతికి తెలియదు. నీళ్లలోంచి గాలిలోకి పోయాక దాన్ని ఏ నాచూ, ఏ మొక్కా పట్టి మళ్లీ మేత చేయలేదు.

చేపకు ఒంటిని వెచ్చగా ఉంచుకునే పని లేదు, అదే మీకు కలిసొచ్చేది. ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతుల్ని చూసే ఉంటారు. అవీ చేపే తింటాయి, కానీ రాత్రీ పగలూ ఒంటి వేడి నిలబెట్టుకోవాలి. అరిగించుకున్న శక్తిలో ఒంటికి పట్టేది పక్షుల్లో సగటున ఒకటి రెండు శాతమే. చేపల్లో పది దాకా ఉంటుంది, బాగా మేపుతూ పెంచే పిల్లల్లో ఇంకా ఎక్కువ.

ఆకివీడు నుంచి:

మేష్టారు గారు వేడి గురించి రాశారు. నాకు తెలిసింది నీళ్లలోని గాలి, అంటే ఆక్సిజన్ సంగతి. ఆ రెండూ ఒకటేనేమోనని చదువుతుంటే అనిపించింది.

మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున టార్చి వేసుకుని గట్టు మీదికి వెళ్తే కనబడుతుంది. ముందు బొచ్చె పైకి తేలుతుంది, మూతి నీటి మట్టానికి ఆనించి గుటకలు వేస్తూ ఉంటుంది. టార్చి కొట్టినా, చప్పుడు చేసినా లోపలికి దిగదు. శీలావతి కూడా తేలిందంటే ఇక టైం లేనట్టే, వెంటనే ఏరేటర్ వేయాలి, లేకపోతే మోటారు పెట్టి నీళ్లు చిమ్మించాలి. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే డీఓ మీటరు పెడితే అడుక్కి వెళ్లేకొద్దీ సున్నాకి దగ్గర చూపిస్తుంది. అందుకే మబ్బు రోజుల్లో మేత సగానికి తగ్గిస్తాం, ముసురు పడితే అసలు ఆపేస్తాం. మా నాన్న కాలం నుంచీ చేస్తున్నదే ఇది. కారణం మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

కైకలూరు రైతు:

అవునండీ, మాకూ అంతే. మబ్బు పడితే టెన్షన్‌తో రాత్రంతా నిద్ర ఉండదు. మేష్టారూ, దీన్ని కూడా మీ లెక్కలోనే చెప్పగలరా?

జువాలజీ మేష్టారు:

ఆకివీడు మిత్రులు ఊహించింది నిజం. ఆ రెండూ ఒకటే. కిలో తవుడు పూర్తిగా కాలాలంటే దాదాపు కిలో ఆక్సిజన్ కావాలి. చేప ఒంట్లో కాలినా, బురదలో బాక్టీరియా కాల్చినా లెక్క మారదు.

ఒక ఎకరం, అయిదు అడుగుల నీళ్లు అనుకోండి. అవి సుమారు 60 లక్షల లీటర్లు. లీటరుకు 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే మొత్తం చెరువులో ఉన్నది 30 కిలోలు. ఆ ఎకరానికి రోజుకు 40 కిలోల తవుడు కడుతున్నారనుకుందాం. చేప ఒంటికి పట్టింది తీసేసినా, మిగిలింది కాలడానికి ఇవాళ కాకపోతే రేపైనా 35 కిలోల దాకా ఆక్సిజన్ కావాలి. చెరువులో ఉన్నదంతా ఇచ్చినా చాలదు. అది ఏ రోజుకారోజు తయారవ్వాలి. తయారు చేసేది ఎండ తగిలిన పచ్చ ప్లాంక్టన్. పైగాలి నుంచి నీటిలోకి దిగేది తక్కువ. చీకటి పడితే ఆ తయారీ ఆగిపోతుంది, ఆ ప్లాంక్టన్ ఆక్సిజన్ పీల్చడం మాత్రం ఆగదు. తెల్లవారేసరికి నిల్వ అడుగంటుతుంది.

నేను మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. మేత లారీలో వస్తోంది కదా, చెరువు దాని మీదే నడుస్తోంది అనుకుంటాం. ఆ తవుడు మన వరిచేలు పట్టిన ఎండే. దాన్ని చేప అరిగించుకోవడానికి కావలసిన ఆక్సిజన్ మీ చెరువు మీద పడే ఎండ ఇస్తోంది. మబ్బు పట్టిన రోజు మామూలుగా మేత కట్టారంటే, ఎండ సమకూర్చలేని ఖర్చును చెరువు నెత్తిన పెట్టినట్టే. మీ పెద్దవాళ్లు పుస్తకం చూడకుండానే ఈ లెక్క పట్టారు. నాకు వాళ్లంటే గౌరవం.

బురద గురించి కూడా అడిగారు. అందులో కొంత శక్తి ఉంది. మన చెరువుల్లో వేసే చేపల్లో దాన్ని తినగలిగేది మోసు (మృగాల్). అడుగున తిరుగుతూ కుళ్లిన పదార్థాన్నీ, దానికి పట్టిన బాక్టీరియానూ తింటుంది. కొన్ని వేసి చూడండి, కానీ పోయిందంతా తిరిగి వస్తుందని ఆశపడకండి. అక్కడా పదో వంతు లెక్కే. బురదలో నిజంగా మిగిలేవి నత్రజని, భాస్వరం. అవి కాలిపోయేవి కావు, చెరువు ఎండగట్టి ఆ మట్టిని చేలో వేసుకుంటే మళ్లీ పంటలోకి వస్తాయి. శక్తి మాత్రం ఒక్కసారే వాడుకోగలం.

కైకలూరు రైతు:

నాన్న ఫోన్ నుంచి రాస్తున్నాను సర్, నేను వాళ్ల అమ్మాయిని. మరి ప్రతి మెట్టు దగ్గరా సరిగ్గా పది శాతమేనా? ఇంకోటి, చెరువులో జీవద్రవ్యరాశి పిరమిడ్ (ఒక్కో మెట్టులో ఉన్న జీవుల బరువును చూపే బొమ్మ) తలకిందులు అవ్వచ్చు, శక్తి పిరమిడ్ అవ్వదు అని ఉంది. ఎందుకు సర్?

జువాలజీ మేష్టారు:

మంచి ప్రశ్న అడిగావమ్మా. పరీక్షలో పది శాతం అనే రాయి, ఆ సూత్రాన్ని ఎవరి పేరుతో చెబుతారో ఆ అమెరికా శాస్త్రవేత్త లిండ్‌మన్ పేరు రాయి. కానీ ఆయన 1942 వ్యాసంలో అంకెలు అంత గుండ్రంగా లేవని తెలుసుకో. మిన్నెసోటాలోని సీడార్ బాగ్ సరస్సులో మొక్కల్నీ నాచునూ తినేవాటి మెట్టు దగ్గర 13.3 శాతం, వాటిని తినేవాటి దగ్గర 22.3 శాతం వచ్చింది. మెండోటా అనే ఇంకో సరస్సులో మెట్టు మెట్టుకూ వరుసగా 8.7, 5.5, 13 శాతం. పది అనేది గుర్తుపెట్టుకోవడానికి వీలైన మధ్య అంకె. ఆ వ్యాసాన్ని మొదట సమీక్షకులు వద్దన్నారు. అది అచ్చయ్యేలోపే, ముప్పై ఏళ్లు నిండకుండానే, ఆయన జబ్బుతో చనిపోయారు. పాఠం చెప్పేటప్పుడు ఈ సంగతి చెప్పకుండా నేనెప్పుడూ ముందుకు వెళ్లలేదు.

ఇక పిరమిడ్. మీ చెరువు నీళ్లు ఒక గ్లాసులో పట్టి వెలుతురుకు ఎత్తి చూడు. చుక్కల్లా ఎగురుతూ కదిలేవి జూప్లాంక్టన్ అనే చిన్న జంతువులు. వాటికి మేతైన పచ్చ కణాలు విడివిడిగా కంటికి ఆనవు, నీటికి రంగు మాత్రం కనిపిస్తుంది. ఒక్కోసారి ఈ రెంటినీ తూస్తే తినేవే బరువు తూగుతాయి. ఇంగ్లిష్ చానల్ సముద్రంలో చదరపు మీటరుకు పచ్చ ప్లాంక్టన్ 4 గ్రాములు, దాన్ని తినేవి 21 గ్రాములు ఉన్నట్టు పుస్తకాల్లో ఇస్తారు. అదెలా కుదిరిందంటే, పచ్చ కణాలు ఒకటి రెండు రోజుల్లోనే రెట్టింపవుతాయి, పుట్టినవి పుట్టినట్టే తినబడతాయి. ఏ క్షణంలో తూచినా నిల్వ తక్కువే, ఏడాదికి పుట్టింది కలిపితే చాలా ఎక్కువ. శక్తి పిరమిడ్ ఆ ఏడాది మొత్తాన్ని లెక్కేస్తుంది. కింద మెట్టు పట్టనిది పై మెట్టుకు రావడానికి వేరే చోటు లేదు, కాబట్టి అది ఎప్పటికీ తిరగబడదు.

ఫ్లోరిడాలోని సిల్వర్ స్ప్రింగ్స్ అనే ఊటనీటి ప్రవాహంలో ఎకాలజీ శాస్త్రవేత్త హోవార్డ్ ఓడమ్ 1957లో ఇచ్చిన లెక్క చూడు. చదరపు మీటరుకు ఏడాదికి మొక్కలు, నాచు కలిసి పట్టింది 20,810 కిలోకేలరీలు. వాటిని తినేవాటికి అందింది 3,368. వాటిని వేటాడేవాటికి 383. ఆ పైన ఉన్నవాటికి 21. నాన్నగారు తవుడు మీద శీలావతి పెంచగలుగుతున్నారు కానీ కొర్రమేనును పెంచలేరు. అది వేటాడి తినే చేప, దానికి మేతగా కింది మెట్టులోని ఇంకో చేపో, చేపపొడి కలిసిన మేతో కావాలి. బజారులో దాని ధర అంత ఉండటానికి ఇదీ ఒక కారణం. ఈ ఉదాహరణ నీ జవాబులో రాసుకో.