‘ప్రాణేనైతి కలాం...’ తర్వాత భూః నా, భం నా?

ఇంటర్ ఫిజిక్స్ టీచర్: పిల్లలకి భ్రమణ చలనం మొదలుపెట్టాలి. కోణీయ వేగం దగ్గర రేడియన్ల కంటే ముందు ఆర్యభటుడి మాట చెప్పాలని ఉంది. ఒక ప్రాణంలో (4 సెకన్లలో) ఒక కల (డిగ్రీలో అరవయ్యో వంతు) కదులుతుందని చెప్పే ఆ శ్లోకం ‘ప్రాణేనైతి కలాం’ దాకా నోటికొస్తోంది, ఆ తర్వాతి అక్షరం దగ్గర ఆగిపోతున్నాను. ‘భూః’ అని చదివినట్టు గుర్తు. ఇంట్లో ఉన్న ప్రతిలో మాత్రం ‘భం’ అని ఉంది. ఏది తీసుకోవాలి?

పాతప్రతులు: రెండు పాఠాలూ ఉన్నాయండీ. ఆర్యభటీయం మొదటి భాగమైన గీతికాపాదంలో ‘ప్రాణేనైతి కలాం భూః ఖయుగాంశే గ్రహజవో’ అని నడుస్తుంది. భూః అయితే తిరిగేది భూమి, భం అయితే నక్షత్రచక్రం. నా ఓటు భూః కే. 628లో బ్రహ్మగుప్తుడు ఆర్యభటుణ్ణి ఖండిస్తూ ‘ప్రాణేనైతి కలాం భూర్యది తర్హి కుతో వ్రజేత్ కమధ్వానం’ అన్నాడు, అంటే భూమే ప్రాణానికి కల చొప్పున కదిలితే ఎక్కణ్ణుంచి, ఏ దారిన పోతుంది అని. ఆర్యభటీయం 499 నాటిది. నూట ముప్పై ఏళ్ళు కూడా నిండకముందే, అదీ ప్రతిపక్షి నోట, భూః కనిపిస్తోంది. భం తర్వాతివాళ్ళ దిద్దుబాటు.

ఛందోవిచారి: దిద్దుబాటు అని అంత తొందరగా తీర్మానించకండి. ఛందస్సుతో ఇది తేలదు. దీర్ఘానికి విసర్గ తగిలితే గురువు, సున్నా ఉన్న అక్షరమూ గురువే. ఏది పెట్టినా పాదం చెడదు. అందుకే నాకో ఊహ ఉంది. ఖకారం ముందు విసర్గ గొంతులోనే నలిగిపోతుంది. వల్లె వేసే నోళ్ళలో ‘భూః ఖ’ అరిగి ‘భం ఖ’ అయి ఉండొచ్చు. ఎవరూ కావాలని మార్చక్కర్లేదు.

పాతప్రతులు: దీర్ఘం ఎక్కడికి పోయిందంటారు? విసర్గ అరుగుతుందేమోగానీ ఊకారం అరగదు. పైగా మొదటి గీతికలోనే భూమి ఒక యుగంలో, అంటే 43,20,000 ఏళ్ళలో, తూర్పుకి 1,58,22,37,500 సార్లు తిరుగుతుందని లెక్క ఇచ్చాడు. ‘ప్రాక్’ అని దిక్కుతో సహా. అక్కడ తిప్పిన భూమిని ఇక్కడ ఆపుతాడా?

ధ్రువతార: ఆర్యభటీయంలోనే గోళపాదంలో, పడవలో ముందుకి పోయేవాడికి కదలనివి వెనక్కి పోతున్నట్టు కనిపిస్తాయనే శ్లోకం ఉండనే ఉంది కదా. ‘అనులోమగతిర్నౌస్థః’. అందులో ‘అచలాని భాని’ అన్నాడు. నక్షత్రాలు కదలవని భ శబ్దంతోనే చెప్పినవాడు ‘భం ఏతి’ అని ఎలా అంటాడు?

ఛందోవిచారి: ఆ వెంటనే వచ్చే శ్లోకం కూడా చదవాలి మరి. ప్రవహమనే గాలి తోస్తే గ్రహాలతో సహా ‘భపంజరః భ్రమతి’, నక్షత్రగోళం తిరుగుతుంది, అన్నాడు. భం పాఠం వాళ్ళకి అదే ఆధారం. రెండు శ్లోకాలూ ఒకరివే.

ఇంటర్ ఫిజిక్స్ టీచర్: ఆరు ప్రాణాలు ఒక విఘడియ, అరవై విఘడియలు ఘడియ, అరవై ఘడియలు రోజు. మొత్తం 21,600 ప్రాణాలు. వృత్తానికి కలలూ 360×60, అంటే 21,600. ప్రాణం 4 సెకన్లు కాబట్టి 4 సెకన్లకి ఒక కల. రేడియన్లలోకి మారిస్తే సెకనుకు దాదాపు 0.0000727. పుస్తకాల్లో 0.0000729 ఉంటుంది, నక్షత్రదినం 23 గంటల 56 నిమిషాలే కాబట్టి. భూః అన్నా భం అన్నా సంఖ్య మారదు, దిశ తిరగబడుతుంది, అంతే. పిల్లలకి ఇది చెప్పి తీరాలి.

ధ్రువతార: చెప్పండి టీచర్ గారూ. దానికి ముందు పోతన భాగవతంలో ధ్రువోపాఖ్యానం కూడా చదవండి. ధ్రువుడి చుట్టూ జ్యోతిశ్చక్రం కళ్ళంలో మేధికి, అంటే నడిమి గుంజకి, కట్టిన ఎడ్లలా తిరుగుతుందని ఉంటుంది. మేధి పక్కన ఉన్న ఎద్దు నెమ్మదిగా అడుగు వేస్తుంది, చివరి ఎద్దు గబగబా నడవాలి. చుట్టు మాత్రం అన్నిటికీ ఒకేసారి పూర్తవుతుంది. కోణీయ వేగం ఒకటే, రేఖీయ వేగం వ్యాసార్ధాన్ని బట్టి పెరుగుతుంది. దీనికంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు. నక్షత్రచక్రాన్ని జలచరం రూపంలో వర్ణించే శింశుమార చక్రం దగ్గర కూడా ఇదే పోలిక మళ్ళీ వస్తుంది. పోతన చూపు అంత నిశితం.

పాతప్రతులు: శింశుమార చక్రం పంచమ స్కంధం. అది గంగన తెనిగించింది, పోతన కాదు. పోలిక వ్యాసుడి మూలంలోనే ఉంది.

ధ్రువతార: మూలంలో ఉన్నదాన్ని మన కళ్ళంలోకి తెచ్చి నిలబెట్టినవాళ్ళు పోతనా గంగనా కదండీ. ఆ పుణ్యం వాళ్ళదే.

ఇంటర్ ఫిజిక్స్ టీచర్: ఎడ్లు తప్పకుండా క్లాసుకి వస్తాయి. బ్రహ్మగుప్తుడి రెండో ఆక్షేపణ కూడా తెస్తాను. భూమి తిరిగితే ఎత్తైనవి ఎందుకు పడిపోవు అని అడిగాడు కదా. భూమధ్యరేఖ దగ్గర నేల సెకనుకు దాదాపు 465 మీటర్లు కదులుతున్నా, ఆ వృత్తంలో తిరగడానికి కావలసిన త్వరణం 0.034 మీ/సె² మాత్రమే. గురుత్వ త్వరణం 9.8 మీ/సె². కట్టడం కూడా నేలతో పాటే కదులుతుంది. ఇంకా చెప్పాలంటే గోపురం కొన పాదం కంటే కాస్త వేగంగా కదులుతుంది, అందుకే పైనుంచి వదిలిన రాయి తూర్పుకి వెంట్రుకవాసి జరిగి పడుతుంది. బోర్డు మీద మాత్రం భూః అనే రాస్తాను.

ఛందోవిచారి: పక్కనే ‘పాఠాంతరం: భం’ అని కూడా రాయండి టీచర్ గారూ. పాతప్రతులు గారూ, భూః తర్వాత వచ్చే ‘ఖయుగాంశే’ సంగతి ఎవరూ ముట్టుకోలేదు. అక్కడ ఖ అంటే ఆకాశకక్ష్య, అంటే ఆకాశపు చుట్టుకొలత, అని నా పట్టు. కాదంటే చెప్పండి.