తోటకూర ఉడికించిన నీళ్లు పారబోయాలా, వద్దా?

నమస్తే అండీ. మా చెల్లికి ఇప్పుడు నాలుగో నెల. హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది, డాక్టరు ఐరన్ మాత్రలు రాసి ఆకుకూరలు బాగా పెట్టమన్నారు.

మా అమ్మ తోటకూర, పాలకూర ముందు తరిగి ఆ తర్వాత కడుగుతుంది, గిన్నెడు నీళ్లలో మెత్తగా ఉడికించి, ఆ నీళ్లన్నీ పిండేసి తాలింపు వేస్తుంది. పసరు వాసన పోవాలంటే అంతే అంటుంది. ఐరన్ వేడికి పోదని నాకు తెలుసు, కానీ ఫోలేట్ (బి విటమిన్లలో ఒకటి), సి విటమిన్ నీళ్లలో కరిగిపోతాయి, వేడికీ తగ్గుతాయి. కడుపుతో ఉన్నప్పుడు ఫోలేట్ ఎంత ముఖ్యమో తెలిసి కూడా దాన్ని సింకులో పోస్తుంటే మనసు ఒప్పట్లేదు. పోనీ నీళ్లు ఉంచేద్దామంటే, ఆకుల్లో ఉండి కిడ్నీ రాళ్లకు దారితీసే ఆక్సలేట్లు కొంత పోయేది ఆ నీళ్లతోనే, మా చెల్లికి రెండేళ్ల కిందట కిడ్నీలో రాయి వచ్చింది. అసలు టెన్షన్ అదే.

కందిపప్పుతో పాటే ఆకు కూడా కుక్కర్‌లో వేసి మూడు విజిల్స్ రానిస్తే నీళ్లు పప్పులోనే ఉంటాయి కదా, లేక పప్పు ఉడికాక ఆకు కలిపి మూత పెట్టి ఐదు నిమిషాలు మగ్గిస్తే మేలా? ఐరన్ ఒంటికి పట్టాలని దించాక నిమ్మరసం పిండుతున్నాను, వేడి మీద పిండితే సి విటమిన్ మిగులుతుందా? పాలకూర, తోటకూర తగ్గించి మెంతికూర, మునగాకు పెడితే రాళ్ల భయం తగ్గుతుందా?

డాక్టరు అపాయింట్‌మెంట్‌కి ఇంకా రెండు వారాలుంది, ఇలాంటి పరిస్థితిలో వండిపెట్టినవాళ్లు, న్యూట్రిషన్ చదివినవాళ్లు దయచేసి చెప్పండి.