డెస్క్‌టాప్‌లోంచి ఉదయంపూట గరగర, మధ్యమధ్యలో టక్కుమనే చప్పుడు: ఏ భాగం నుంచి వస్తోందో తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న (తిరువాన్మియూరు, చెన్నై)

అందరికీ నమస్కారం. 2017లో రిచీ స్ట్రీట్‌లో విడిభాగాలు కొని అసెంబుల్ చేయించుకున్న డెస్క్‌టాప్ ఒకటి మా ఇంట్లో ఉంది. అందులో విండోస్ కోసం చిన్న ఎస్‌ఎస్‌డీ, దాచుకునే ఫైళ్ల కోసం 7200 ఆర్‌పీఎం వేగంతో తిరిగే 1 టీబీ హార్డ్ డిస్క్, ముందు వెనకల చెరొక ఫ్యాన్ ఉన్నాయి. గత సంవత్సరం పాడైన డీవీడీ డ్రైవ్‌ను తీయించినప్పుడే ముందు ఫ్యాన్‌ను కొత్తగా పెట్టించాను.

సుమారు రెండు నెలలుగా ఉదయం ఆన్ చేయగానే తిరగలి తిప్పినట్టు గరగరమని రొద మొదలై, పది పదిహేను నిమిషాల్లో దానంతట అదే సద్దుమణుగుతోంది. దీనికితోడు రోజులో నాలుగైదుసార్లు, ఎప్పుడొస్తుందో చెప్పలేని విధంగా, లోపల ఎవరో గోటితో రేకును కొట్టినట్టు టక్కుమని ఒక చప్పుడు వస్తోంది. బల్ల మీద చెవి ఆనించి విన్నా, క్యాబినెట్ పక్క రేకు తీసి విన్నా, ఏది ఎక్కడినుంచి వస్తోందో అంతుపట్టడం లేదు. దుకాణంలో చూపిస్తే, వారు యంత్రాన్ని ఆన్ అయినా చేయకుండానే ఎస్‌ఎంపీఎస్ (భాగాలన్నిటికీ కరెంటు అందించే డబ్బా), క్యాబినెట్ రెండూ మార్చేయమన్నారు.

నా ఆందోళనకు అసలు కారణం వేరే ఉంది. మా నాన్నగారు పాడిన కీర్తనల క్యాసెట్లను కొన్ని నెలలుగా ఒక్కొక్కటిగా ఈ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కిస్తున్నాను. టేపులు పాతవి కావడంతో వాటిలో రెండు ఎక్కించిన తరువాత తెగిపోయాయి కూడా. ఆ రికార్డింగులకు ఇంకెక్కడా నకలు లేదు. ఈ చప్పుళ్లు ఏ భాగానివో నిర్ధారించుకునే పద్ధతి తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (మారతహళ్లి, బెంగళూరు)

నమస్కారమండీ. చప్పుడు సంగతి తరువాత చూద్దాం. ముందు ఆ కీర్తనల ఫోల్డర్‌ను ఈ రాత్రికే ఒక బయటి డ్రైవ్‌లోకి, వీలైతే ఆన్‌లైన్ నిల్వలోకి కూడా, కాపీ చేయండి. ఫ్యాన్ పాడైతే కొద్ది వందల రూపాయలతో కొత్తది వస్తుంది. డిస్క్ పోతే నాన్నగారి గొంతును ఏ దుకాణమూ తిరిగి ఇవ్వలేదు. డిస్క్ అనుమానంలో ఉన్నంతకాలం దాని మీద డిఫ్రాగ్ (చెదిరిన ఫైళ్ల ముక్కలను ఒకచోట చేర్చే పని) గానీ, గంటల తరబడి నడిచే ఉపరితల పరీక్షలు గానీ చేయకండి. కాపీ పూర్తయ్యాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో డిస్క్ తన గురించి తాను రాసుకునే స్మార్ట్ అంకెలను చూసి, 05, సీ5, సీ6 అన్న వరుసల విలువలను ఇక్కడ రాయండి.

జవాబు (పల్లావరం, చెన్నై)

కంప్యూటర్ల మరమ్మతు నా వృత్తి. పై మిత్రులు చెప్పిన కాపీ పని పూర్తయ్యేవరకు నేను చెప్పబోయేవి ఏవీ మొదలుపెట్టకండి.

మీరు రాసిన దాన్నిబట్టి ఇవి ఒకే జబ్బుకు రెండు లక్షణాలు కావు, రెండు వేరువేరు చప్పుళ్లు. ఇలాంటి వెతుకులాట చాలాసార్లు దారి తప్పేది ఈ రెండింటినీ కలిపి ఆలోచించడం వల్లనే. రెండవ చిక్కు క్యాబినెట్ రేకు. అది మద్దెల చర్మంలా పనిచేసి, లోపల ఏ మూల పుట్టిన కంపనాన్నైనా తన ఒళ్లంతా పరుచుకుంటుంది. అందుకే రేకు మీద చెవి పెట్టి విన్న చోటు చప్పుడు పుట్టిన చోటు కానక్కరలేదు.

మొదట గరగర సంగతి. చవక ఫ్యాన్లలో ఇరుసు ఒక చిన్న గొట్టంలాంటి స్లీవ్ బేరింగ్‌లో తిరుగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ అందులోని నూనె కొంత ఆవిరై, మిగిలినది దుమ్ముతో కలిసి జిగురుగా మారుతుంది. రాత్రంతా చల్లారిన తరువాత అది మరీ చిక్కగా ఉంటుంది కనుక ఉదయం ఇరుసు గొట్టం గోడలకు రాసుకుంటూ తిరుగుతుంది. వేడెక్కి నూనె పలచబడగానే రొద తగ్గుతుంది. మీరు చెప్పిన పది పదిహేను నిమిషాల వ్యవధి దీనికి సరిగ్గా సరిపోతోంది. అయితే ఏ ఫ్యాన్ అన్నది ఊహతో కాదు, పరీక్షతో తేలాలి.

పరీక్షకు సరైన సమయం ఉదయం తొలిసారి ఆన్ చేసే వేళ మాత్రమే. ఒకసారి వేడెక్కితే ఆ రోజుకు అవకాశం పోయినట్టే. ముందురోజు రాత్రే ప్లగ్ పీకేసి, పక్క రేకు తీసి, వెనక ఫ్యాన్ కనెక్టర్‌ను మదర్‌బోర్డు నుంచి ఊడదీసి ఉంచండి. ఉదయం ఆన్ చేసి వినండి. రొద లేకపోతే దోషి దొరికినట్టే. ఉంటే మరునాడు దాన్ని తిరిగి తగిలించి ముందు ఫ్యాన్‌ను ఊడదీయండి. రోజుకొక భాగాన్ని మాత్రమే తప్పించాలి. రెండింటిని ఒకేసారి తప్పిస్తే చప్పుడు ఆగిందని తెలుస్తుంది గానీ దేనివల్ల ఆగిందో తెలియదు. ప్రాసెసర్ మీది ఫ్యాన్‌ను మాత్రం ఎన్నడూ ఊడదీయకండి. దాని చప్పుడును వినడానికి పాత పత్రికను గట్టిగా గొట్టంలా చుట్టి, ఒక కొస చెవికి, ఇంకొక కొస ఫ్యాన్‌కు నాలుగు వేళ్ల దూరంలో పెట్టుకుంటే పక్క చప్పుళ్లు చాలావరకు అణిగి, ఎదురుగా ఉన్నది విడిగా వినిపిస్తుంది. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను కూడా బయటినుంచి ఇలాగే వినాలి తప్ప విప్పకూడదు. ప్లగ్ పీకిన తరువాత కూడా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది.

చెవిని పూర్తిగా నమ్మలేనివారికి ఫోన్‌లో ధ్వని వర్ణపటాన్ని చూపే యాప్ మంచి సాయం. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్క్ సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది కాబట్టి దాని హోరు 120 హెర్ట్జ్ దగ్గర కదలని గీతలా కనిపిస్తుంది. 1200 ఆర్‌పీఎంతో తిరిగే ఏడు రెక్కల ఫ్యాన్‌కు 140 దగ్గర గీత వస్తుంది, వేగం మారితే ఆ గీత కూడా జరుగుతుంది. 100 దగ్గర స్థిరంగా ఉంటే అది మన 50 హెర్ట్జ్ కరెంటు వల్ల యూపీఎస్ ట్రాన్స్‌ఫార్మర్ చేసే గుర్రు కావచ్చు. గేమ్ ఆడుతున్నప్పుడు కీచురాయిలా సన్నని కూత వస్తే అది గ్రాఫిక్స్ కార్డులోని కాయిల్ కంపించడం. వినడానికి చిరాకే గానీ ప్రమాదం లేదు.

ఇక టక్కుమనే చప్పుడు. అది వచ్చిన మరుక్షణం ఏమవుతోందో గమనించి రాయండి. స్క్రీన్ ఆగిపోతోందా, ఫైళ్లు తెరుచుకోవడం ఆలస్యమవుతోందా, డిస్క్ మళ్లీ మొదటినుంచి వేగం అందుకుంటున్నట్టు సన్నగా పెరిగే శబ్దం వినబడుతోందా? నాకు ఈ సమాధానమే ముఖ్యం.

ప్రశ్న అడిగినవారు (తిరువాన్మియూరు)

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆ రాత్రే అన్ని రికార్డింగులనూ రెండు చోట్లకు కాపీ చేశాను. ఒక్క ఫైలు కూడా మొరాయించలేదు.

మొదటి ఉదయమే గరగర విషయం తేలిపోయింది. వెనక ఫ్యాన్ ఊడదీసి ఆన్ చేస్తే గది నిశ్శబ్దంగా ఉంది. మరునాడు తిరిగి తగిలిస్తే రొద తిరిగి వచ్చింది. ఫ్యాన్‌ను చేతిలోకి తీసుకుని రెక్కను పట్టి కదిలిస్తే, ఇరుసు వదులై అటూ ఇటూ ఊగుతోంది.

టక్కు గురించి మీరు అడిగినట్టే గమనించాను. ఆ చప్పుడు రాగానే డిస్క్ హోరు ఒక్కసారి తగ్గి, వెంటనే సన్నని ఈలలా పైకి లేచి యథాస్థితికి వస్తోంది. ఆ పది సెకన్లపాటు డిస్క్‌లోని ఫోల్డర్ ఏదీ తెరుచుకోదు. 05, సీ5, సీ6 మూడు వరుసలలోనూ విలువ సున్నా ఉంది. మరి డిస్క్ బాగున్నట్టా, కానట్టా?

జవాబు (పల్లావరం)

చాలా విలువైన గమనిక. డిస్క్ లోపల డేటా ఉండే పళ్లేల మీద దెబ్బతిన్న చోట్లు (సెక్టార్లు) ఉంటే ఆ మూడు వరుసలలో ఎక్కడో ఒకచోట అంకె కనిపించే అవకాశం ఎక్కువ. మీరు వర్ణించినది చూస్తే డిస్క్‌కు కరెంటు క్షణకాలం తెగి మళ్లీ వస్తున్నట్టుంది. కరెంటు పోగానే, డేటాను చదివే హెడ్లు పళ్లెం మీద పడిపోకుండా డిస్క్ వాటిని ఉన్నపళంగా పక్కకు లాగేసుకుంటుంది. మీకు వినిపిస్తున్న టక్కు అదే అయివుండాలి.

దీన్ని రుజువు చేసుకోవచ్చు. 0సీ వరుసలో డిస్క్‌కు ఎన్నిసార్లు కరెంటు అందిందో, సీ0 వరుసలో ఎన్నిసార్లు హెడ్లు అలా వెనక్కి లాగబడ్డాయో లెక్క ఉంటుంది. ఆ ప్రోగ్రామ్ విలువలను మొదట పదహారు అంకెల (హెక్సాడెసిమల్) పద్ధతిలో చూపుతుంది, కాబట్టి మెనూలోకి వెళ్లి మన మామూలు పది అంకెల పద్ధతికి మార్చుకోండి. ఉదయం ఒకసారి, యంత్రాన్ని ఆపకుండా సాయంత్రం ఒకసారి ఆ రెండు విలువలు రాసుకోండి. మధ్యలో పెరిగితే తప్పు కరెంటు దారిలో ఉంది. యంత్రాన్ని ఆపి, ప్లగ్ పీకిన తరువాత, డిస్క్‌కు కరెంటు తీగ నేరుగా ఎస్‌ఎంపీఎస్ నుంచి వస్తోందా, మధ్యలో కన్వర్టర్ (ఒక రకం కనెక్టర్‌ను ఇంకొక రకానికి కలిపే తీగ ముక్క) ఏదైనా ఉందా అన్నది చూడండి.

ప్రశ్న అడిగినవారు (తిరువాన్మియూరు)

ఉదయం 0సీ విలువ 4312, సాయంత్రానికి 4317. ఆ రోజంతా యంత్రాన్ని ఒక్కసారి కూడా ఆపలేదు. టక్కుమన్నది ఐదుసార్లే, విన్న ప్రతిసారీ గడియారం చూసి కాగితం మీద గీత పెట్టుకున్నాను. సీ0 కూడా అదే లెక్కన పెరిగింది.

పక్క రేకు తీసి తీగ వెంట వెతుక్కుంటూ పోతే, నిరుడు ముందు ఫ్యాన్ పెట్టినప్పుడు ఫ్యాన్‌కూ డిస్క్‌కూ కలిపి ఒకే చీలిక కన్వర్టర్ తగిలించినట్టు కనిపించింది. దాన్ని ఊడదీసి కిటికీ వెలుగులో చూశాను. నాలుగు రంధ్రాలలో పసుపు తీగ వచ్చే చోట లోహపు గొట్టం వదులుగా సాగి, గోధుమరంగుకు తిరిగి ఉంది. దాని చుట్టూ తెల్లని ప్లాస్టిక్ వేడికి పసుపెక్కింది. మా ఇంటి నుంచి సముద్రం నడక దూరమే కాబట్టి ఉప్పుగాలి కూడా దీనికి తోడైందేమో.

జవాబు (పల్లావరం)

పసుపు తీగ 12 వోల్టులది, డిస్క్ మోటారు తిరిగేది దానితోనే. ఆ కన్వర్టర్‌ను మళ్లీ వాడకండి, ఎవరికీ ఇవ్వకండి. తీగల మీద ప్లాస్టిక్‌ను నేరుగా అచ్చుపోసిన రకం అయితే లోపల తీగలు ఒకదానికొకటి తగిలి కాలిపోయే ప్రమాదం కూడా ఉంటుంది. మీ డీవీడీ డ్రైవ్ తీసేశారు కనుక దాని సాటా పవర్ కనెక్టర్ ఖాళీగానే ఉండాలి; డిస్క్‌కు దాన్ని తగిలించండి. ముందు ఫ్యాన్‌ను మదర్‌బోర్డుకు కలపండి. వెనక ఫ్యాన్‌కు ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేస్తే కొన్ని వారాలు నెట్టుకు రావచ్చు గానీ ఇరుసు ఊగుతోందన్నారు కాబట్టి మార్చడమే మేలు. కొబ్బరినూనె మాత్రం వద్దు, అది త్వరలోనే జిగురై ఇంకా పట్టేస్తుంది. కొత్తది కొనేటప్పుడు 120 మిల్లీమీటర్లదేనా అని కొలుచుకుని, బాల్ బేరింగ్ లేదా ఫ్లూయిడ్ బేరింగ్ రకం అడగండి.

ప్రశ్న అడిగినవారు (తిరువాన్మియూరు)

తొమ్మిది రోజుల తరువాత రాస్తున్నాను. మీరు చెప్పినట్టే డిస్క్‌ను డీవీడీ డ్రైవ్ కనెక్టర్‌కు మార్చి, వెనక ఫ్యాన్ కొత్తది పెట్టాను. ఎస్‌ఎంపీఎస్ గానీ, క్యాబినెట్ గానీ మార్చవలసిన అవసరమే రాలేదు. ఈ తొమ్మిది రోజుల్లో యంత్రాన్ని తొమ్మిదిసార్లు ఆన్ చేశాను, 0సీ విలువ సరిగ్గా తొమ్మిదే పెరిగింది. టక్కు ఒక్కసారి కూడా వినబడలేదు. డిస్క్ బాగానే ఉన్నా, రికార్డింగుల రెండు నకళ్లనూ అలాగే ఉంచి, ఎక్కించిన ప్రతి క్యాసెట్‌ను అదే రోజు వాటిలోకి కూడా చేరుస్తున్నాను. ఇంకా పదకొండు క్యాసెట్లు మిగిలాయి; నిన్న సాయంత్రం పన్నెండవది ఎక్కిస్తున్నప్పుడు, గదిలో ఇంకే చప్పుడూ లేకపోవడంతో, కీర్తన మొదలయ్యే ముందు నాన్నగారు శ్రుతిపెట్టె సరిచేసుకుంటున్న శబ్దం కూడా స్పష్టంగా వినిపించింది.