‘తను’ ఎక్కడ దొరికిపోతుంది? ఒక తైవాన్ సినిమా, తెలుగు సబ్‌టైటిల్స్

ప్రశ్న: యీ చీ-యెన్ తీసిన ‘బ్లూ గేట్ క్రాసింగ్’ (2002) గురించి. తైపేలో హైస్కూలు పిల్లలు. యుయెజెన్‌కి షిహావ్ అంటే ఇష్టం. ఆమె తరఫున రాయబారం వెళ్ళిన కెరో అనే అమ్మాయిని షిహావ్ ఇష్టపడతాడు. కెరో మనసేమో యుయెజెన్ మీద. మాండరిన్‌లో ‘అతను’, ‘ఆమె’ రెండూ వినడానికి ‘థా’యే. ‘థా’ అన్నది అబ్బాయినో అమ్మాయినో తెలియని ఆ గుట్టు తెలుగు సబ్‌టైటిల్స్‌లో నిలిచేదెలా? ఇంకోటి, ‘ఆన్‌ల్యెన్’ అనే చైనీస్ మాటని భగ్నప్రేమ అనొచ్చా?

వ్యాఖ్య 1: భగ్నప్రేమ వద్దండీ. భగ్నం కావాలంటే ముందు ఏదో ఒకటి నిలబడి ఉండాలి. చైనీస్‌లో రెండు మాటలున్నాయి. ‘దాన్‌ల్యెన్’ ఒకవైపు ప్రేమ, అవతలివాళ్ళకి తెలిసినా అదే. దానికి మనం రోజూ అనే ‘వన్ సైడ్ లవ్’ చాలు. ‘ఆన్‌ల్యెన్’లో ‘ఆన్’ అంటే చీకటి, చాటు. పైకి చెప్పని ప్రేమ. ‘మూగప్రేమ’ దగ్గరగా ఉంది. ‘చాటు ప్రేమ’ అంటే మాత్రం ఇద్దరూ కలిసి దాస్తున్నారన్న అర్థం వచ్చేస్తుంది.

కథా పరిచయంలో ‘స్వలింగ సంపర్కం’ అని కూడా రాయకండి. ఆ అమ్మాయికి ఉన్నది ప్రేమ. సంపర్కం అనగానే విషయమే మారిపోతుంది.

వ్యాఖ్య 2: ‘థా’ సంగతి. రాతలో ఆడవాళ్ళకి వేరే అక్షరం వాడుకలోకొచ్చింది 1920 ప్రాంతంలోనే, చైనా కవి లియు బన్‌నొంగ్ వంటివాళ్ళు ప్రచారం చేశాక. పలుకు మాత్రం మారలేదు. మనకి ‘తను’ ఉంది కదా అనుకుంటాం గానీ, పట్టిచ్చేది సర్వనామం కాదు, క్రియ. ‘తను చూసింది’ అనగానే అయిపోయింది. ‘నచ్చు’ మరీ ప్రమాదం, నచ్చినవాళ్ళని బట్టే మారుతుంది: నచ్చాడు, నచ్చింది. అక్కడ ‘ఇష్టం’ వాడండి. ‘తనంటే నాకిష్టం’లో ఏ జాడా లేదు.

భూతకాలంలో వ్యతిరేకార్థం పూర్తిగా క్షేమం: ‘తను చూడలేదు’, ‘తను రాలేదు’, ‘తనకి తెలియలేదు’. మూగప్రేమలో మాటలన్నీ దాదాపు ఇవే కాబట్టి సగం పని భాషే చేసిపెడుతుంది. భవిష్యత్తుకి వెళ్తే మళ్ళీ దొరికిపోతాం: రాడు, రాదు. అప్పుడు వాక్యం ముగించకుండా ‘తను వచ్చేదాకా’, ‘తను చూడగానే’ అని నడపాలి. అడిగేటప్పుడు ‘ఎవరైనా నచ్చారా?’ అనండి, అది మన మాటే. ‘చూశారు’ అని గౌరవం పెట్టి దాటేయొద్దు, క్లాస్‌మేట్ గురించి ఏ పిల్లా అలా అనదు.

ప్రశ్న: మరి జిమ్ గోడ మీద కెరో రాసే వాక్యం? ‘వో షి న్యుషెంగ్, వో ఐ నాన్‌షెంగ్.’ ‘నేను అమ్మాయిని, నాకు అబ్బాయిలంటే ఇష్టం’ అంటే చప్పగా ఉంది.

వ్యాఖ్య 2: రెండు ముక్కలకీ నాలుగేసి అక్షరాలు, రెంటి చివరా ‘షెంగ్’. తనను తాను ఒప్పించుకోవడానికి రాసుకుంటున్న మాట, అందుకే ఆ తూకం. పైగా ‘ఇష్టం’ కాదు, ‘ఐ’, ప్రేమ. పెద్ద మాటే రాసింది. ‘నేను ఆడపిల్లని, ప్రేమించేది మగపిల్లల్ని’ అని చూడండి. ‘షెంగ్’ చోట ‘పిల్ల’ రెండుసార్లు పడింది. మొదటి ‘ని’ నేను అన్నదానికి, రెండోది ద్వితీయా విభక్తి. వ్యాకరణం వేరు, చెవికి ఒకటే.

వ్యాఖ్య 1: బాగుంది. అయితే చివర్లో షిహావ్ మాటలోనూ ‘మగపిల్లలు’ అనే ఉంచాలి, ‘అబ్బాయిలు’ అనకూడదు. ఏడాదికో మూడేళ్ళకో మగపిల్లలంటే ఇష్టం మొదలైతే అందరికన్నా ముందు నాకే చెప్పాలంటాడు కదా, ఆ గోడ మీది మాట అక్కడ మళ్ళీ వినపడాలి.