జాజికాయను ‘మత్తు మందు’ అని రాయొచ్చా?

రోలు_పొత్రం: ఆరోగ్య పేజీల్లో రెండు రకాలుగా రాస్తున్నారు. “జాజికాయ నూనెలోని మిరిస్టిసిన్ అనే పదార్థం కాలేయంలో యాంఫెటమిన్‌గా (ఉత్తేజపరిచే మత్తు మందుగా) మారి మత్తెక్కిస్తుంది” అని కొందరు, “అది మత్తు కాదు, విషలక్షణం” అని ఇంకొందరు. ఏది ఉంచాలి?

గరళం: మొదటిది కొట్టేయండి. అది 1960ల్లో అమెరికా రసాయన శాస్త్రవేత్త అలెగ్జాండర్ షుల్గిన్ చేసిన ఊహ. యాంఫెటమిన్‌లో నత్రజని ఉంటుంది, మిరిస్టిసిన్‌లో లేదు. శరీరమే నత్రజనిని చేర్చి ఎంఎండీఏగా (యాంఫెటమిన్ జాతి మత్తు పదార్థం) మారుస్తుందేమో అన్నారు. తర్వాత ఎలుక కాలేయంతో చేసిన ప్రయోగంలో అది కనిపించిందన్నారు. కానీ జాజికాయ అతిగా తిన్నవారి మూత్రాన్ని 2006లో జర్మనీలో పరీక్షిస్తే అలాంటి పదార్థమే దొరకలేదు. (ఎంఎండీఏ వేరు, ‘ఎక్స్టసీ’ అనే ఎండీఎంఏ వేరు. తెలుగు పేజీల్లో సగం గొడవ ఈ అక్షరాల తారుమారుతోనే.)

సుగంధి: గరళం గారూ, దానితో ‘మత్తు లేదు’ అని తేలిపోదండీ. 1961లో శుద్ధ మిరిస్టిసిన్‌ను మనుషులకిచ్చి చూస్తే కొందరిలో మనసు మీద ప్రభావం కనిపించింది, కాకపోతే కాయంత బలంగా కాదు. జాజికాయ నూనెలోనే ఉండే ఎలిమిసిన్, సఫ్రోల్ కూడా లెక్కలోకి రావాలి. ఇంకో పొరపాటు: కాయలో పావు వంతు దాకా ఉండే ట్రైమిరిస్టిన్ ఉత్త కొవ్వు. పేరు దగ్గరగా ఉందని దాని శాతాన్ని మిరిస్టిసిన్‌కు అంటగట్టేస్తున్నారు. మిరిస్టిసిన్ ఉండేది ఆవిరయ్యే నూనెలో. ఆ నూనె కాయ బరువులో 5–15 శాతం. ఇండోనేషియా కాయ నూనెలో మిరిస్టిసిన్ ఎక్కువ, గ్రెనడా కాయలో తక్కువ. అందుకే ‘ఇన్ని గ్రాములకు ఇంత’ అనే పట్టికలు నమ్మొద్దు.

గరళం: ఒప్పుకున్నాను, ‘ప్రభావం లేదు’ అనకూడదు. కానీ వర్ణన మాత్రం విషవైద్యం వైపే ఉండాలి. నోరెండడం, గుండెదడ, మొహం ఎర్రబడడం, వాంతులు, చచ్చిపోతానన్న భయం, మూత్రం బిగదీయడం. 5 గ్రాములకే, అంటే ఇంచుమించు ఒక కాయ పొడికే, ఇవి వచ్చిన కేసులున్నాయి. లక్షణాలు మొదలవడానికి 3–6 గంటలు పడుతుంది. ఈలోపు ‘ఏమీ కాలేదు’ అని మళ్లీ తింటారు, ప్రమాదం అక్కడే. చూడ్డానికి ఉమ్మెత్త విషంలా ఉంటుంది. ఉమ్మెత్తలో కంటిపాప బాగా విచ్చుకుంటుంది, ఇక్కడ అలా ఉండాలని లేదు. మామూలు డ్రగ్ టెస్టులో జాజికాయ దొరకదు కాబట్టి ఏం తిన్నారో అడిగి తెలుసుకోవాల్సిందే. విరుగుడు లేదు, లక్షణాలకే చికిత్స: సెలైన్, ఈసీజీ, ఆందోళనకు బెంజోడయజెపైన్ (ఆందోళన తగ్గించే మందుల రకం).

రోలు_పొత్రం: మరి పసిపిల్లలకు సానరాయి మీద అరగదీసి పట్టేది?

సుగంధి: కూరలో చిటికెడు వేరు, ఇది వేరు. ఎన్ని తిప్పులకు ఎంత దిగుతుందో కొలిచే దారి లేదు, అందులోనూ బిడ్డ బరువు నాలుగైదు కిలోలు. నిద్ర కోసం పట్టొద్దనే రాయండి.

రోలు_పొత్రం: అయితే వాక్యం ఇలా మారుస్తున్నా: “ఎక్కువ మోతాదులో మనసు మీద పనిచేసే విషపదార్థాలున్న గింజ, ఏ పదార్థం ఎంత కారణమో తేలలేదు.”

సుగంధి: ‘గింజ’ సరే. జాపత్రిలోనూ అవే ఉన్నాయి, దాన్నీ చేర్చండి.